ముప్పది తొమ్మిది అంకెల ప్రధాన సంఖ్య

ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అగునో కాదో తెలియవలెనన్న, దానిని చిన్న ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించి చూడవలెనని పాఠశాలలో నేర్పుదుము. 127కు ఈ పద్ధతి చాలును. 2, 3, 5, 7, 11 లతో భాగించి చూచిన పని తీరును. కాని ఈ సంఖ్యను చూడుడు:

170141183460469231731687303715884105727

2ను 127 మారులు వేసి గుణించి, వచ్చిన లబ్ధము నుండి 1 తీసివేసిన ఇది వచ్చును. 2¹²⁷−1 అని వ్రాయుదుము. ఇది ప్రధాన సంఖ్యయని ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వర్డ్ లూకా 1876లో చేతి లెక్కతోనే తేల్చెను.

భాగించి చూచియా? కాదు. దీనికి కారణాంకము ఏదైన ఉన్నచో అది 254 యొక్క గుణిజము కంటె 1 ఎక్కువగా ఉండి తీరవలెను. ఈ నియమము ఫెర్మా నాటిది. అట్టి సంఖ్యలతో మాత్రమే, సెకనుకు ఒకటి చొప్పున, వర్గమూలము వరకు భాగించుచు పోయినను 160 కోట్ల సంవత్సరములు పట్టును!

లూకా కారణాంకముల జోలికే పోలేదు. అతని పద్ధతికి లెమర్ 1930లో ఇచ్చిన సులభ రూపము ఇది: 4తో మొదలుపెట్టి, వర్గము చేసి, 2 తీసివేసి, పరీక్షింపవలసిన సంఖ్యతో భాగించి శేషమును మాత్రము ఉంచుకొనవలెను. ఆ శేషముతో మరల అదే పని. ఘాతాంకము బేసి ప్రధాన సంఖ్యగా ఉండవలెను; దానికంటె రెండు తక్కువ మారులు ఇట్లు చేసిన పిదప సున్న మిగిలినచో అది ప్రధాన సంఖ్య, మిగలనిచో కాదు.

31, అనగా 2⁵−1, తీసికొందము. మూడు మారులు చేయవలెను. 4 వర్గము 16. 2 పోగా 14. 14 వర్గము 196. 2 పోగా 194. 31తో భాగింప శేషము 8. 8 వర్గము 64, 2 పోగా 62, శేషము 0. ఎక్కడను 31ని 2తో గాని, 3తో గాని భాగింపలేదు సుమా! 2047కు, అనగా 2¹¹−1కు, ఇట్లే చేసిన తొమ్మిదవ మారు 1736 మిగులును. 2047 = 23 × 89 గదా.

మన పెద్ద సంఖ్యకు 125 మారులు చేయవలెను. 39 అంకెల సంఖ్యను వర్గము చేయుట శ్రమయే కాని, భాగహారము తేలిక. 99తో భాగించి శేషము కనుగొనుటకు అంకెలను కుడినుండి రెండేసిగా విడదీసి కూడిన చాలును: 5273కు 52 + 73 = 125; మరల 1 + 25 = 26; ఇదే శేషము. 99 నూరుకంటె ఒకటే తక్కువగుటచే ఇది సాధ్యము. 2¹²⁷−1ను 2 ఆధారముగా వ్రాసిన వరుసగా 127 ఒకట్లు వచ్చును. అచ్చటను ఈ కిటుకే పనిచేయును.

1951 వరకు దీనికంటె పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికిని తెలియదు. 2024లో కనుగొన్న 2¹³⁶²⁷⁹⁸⁴¹−1లో 4,10,24,320 అంకెలు కలవు. కంప్యూటర్లు దానిని నిర్ధారించినదియు లూకా–లెమర్ పరీక్షతోనే.

నాకు అన్నిటికంటె వింతగా తోచునది 2⁶⁷−1 కథ. ఇది ప్రధాన సంఖ్యయని 1644లో మెర్సెన్ చెప్పెను. కాదని లూకా 1876లోనే తేల్చెను. కాని దాని కారణాంకము ఒక్కటియు చూపలేకపోయెను. పగులునని తెలియును, ఎచ్చట పగులునో తెలియదు. 1903లో అమెరికాలో కోల్ వానిని బయటపెట్టెను: 193707721, 761838257287. ఈ రెంటిని గుణించిన 147573952589676412927 వచ్చునో లేదో విద్యార్థులు ఒక గంటలో కాగితముపై సరిచూడవచ్చును.