మీకు తెలుసా? ధర తీసేశాకే బయటపడిన భూమి చిత్రాలు

అమెరికాలో ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు అత్యధికంగా అమ్ముడుపోయిన ఏడాది 2001. ఆ ఏడాది పోయినవి సుమారు 25 వేలు. 2008లో ధర పూర్తిగా ఎత్తేశారు. 2009లో జనం దించుకున్న చిత్రాలు పది లక్షలు దాటాయి. మధ్యలో కొత్త ల్యాండ్‌శాట్ ఏదీ ఎగరలేదు. అంతవరకూ సౌత్ డకోటాలోని సూ ఫాల్స్ దగ్గర అమెరికా భూగర్భ సర్వే వారి ఈరోస్ కేంద్రం గోదాముల్లో పడి ఉన్న చిత్రాలే బయటికి వచ్చాయి.

తొలి ల్యాండ్‌శాట్ 1972 జులై 23న నింగికెగిరింది. అందులో అసలు పరికరం అనుకున్నది టీవీ తరహా కెమెరా. హ్యూస్ కంపెనీ ఇంజినీరు వర్జీనియా నార్‌వుడ్ రూపొందించిన స్కానర్‌ని ప్రయోగం కోసం దాని పక్కన చేర్చారంతే. కొన్ని వారాలకే కెమెరా వ్యవస్థ విద్యుత్ లోపంతో మూలనపడింది. సెకనుకు 13 సార్లు ఊగే అద్దంతో నేలను గీతలు గీతలుగా చదివిన నార్‌వుడ్ స్కానరే ఆ ప్రాజెక్టును నిలబెట్టింది. ‘ల్యాండ్‌శాట్ తల్లి’ అన్న పేరు ఆమెకు అందుకే వచ్చింది. అడవి, పంట, నీరు ఏది ఎక్కడుందో కంటికి కనిపించని పరారుణ కాంతిలోనూ చదివి, అంకెలుగా కిందికి పంపడం ఆ స్కానర్ గొప్పతనం.

కెనడాలో లాబ్రడార్ తీరానికి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ల్యాండ్‌శాట్ ఐలాండ్ అనే దీవి ఉంది. 25 మీటర్ల వెడల్పు, 45 మీటర్ల పొడవున్న రాతి ముక్క. పటాల్లో లేని ఆ దీవిని పట్టుకున్నది తొలి ల్యాండ్‌శాట్ చిత్రమే. 1976లో సరిచూసుకోవడానికి ఒక సర్వేయరును హెలికాప్టర్ నుంచి తాడుతో దించితే, అక్కడున్న ధ్రువపు ఎలుగుబంటి ఆయన మీద పంజా విసిరింది.

తర్వాతి కథ చదువుతుంటే బాధేస్తుంది. 1984లో అమెరికా కాంగ్రెస్ ల్యాండ్‌శాట్ చిత్రాలను ప్రైవేటు వ్యాపారానికి అప్పగిస్తూ చట్టం చేసింది. ఈయోశాట్ అనే సంస్థ చేతికి వెళ్లాక ఒక్కో చిత్రం ధర దాదాపు 4,400 డాలర్ల దాకా పాకింది. కొన్నవాళ్లు ఇంకొకరికి ఇవ్వకూడదన్న నిబంధన సరేసరి. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. కొనేవాళ్లు లేని ప్రాంతాల మీద ఉపగ్రహం తిరుగుతున్నా చాలాసార్లు చిత్రాలు తీయలేదు. ఆ రోజుల భూమిని ఇప్పుడు ఎంత డబ్బు పోసినా మళ్లీ తీయలేం. 1992లో చట్టం మార్చి ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. 1999లో ఎగిరిన ల్యాండ్‌శాట్ 7 చిత్రాన్ని 600 డాలర్లకు ఇచ్చింది. ఒక విశ్వవిద్యాలయ విద్యార్థికి అదీ భారమే. చివరికి భూగర్భ సర్వే సంస్థలో బార్బరా ర్యాన్ లాంటి అధికారులు పట్టుబట్టడంతో 2008లో ఉచితం అయింది.

ఉచితం కావడంతో మారింది ఖర్చు ఒక్కటే కాదు. పరిశోధన చేసే తీరే మారింది. డబ్బు పెట్టి కొనేటప్పుడు ఎవరైనా మబ్బులేని చిత్రం ఒకటో రెండో చూసి కొనేవారు. ఉచితమయ్యాక మబ్బు పట్టిన చిత్రాలనూ వందలకొద్దీ తెచ్చుకుని, బియ్యంలో రాళ్లేరినట్టు మబ్బు భాగాలను తీసేసి, మిగిలిన నేలను వరుసగా పేర్చుకోవడం మొదలైంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన మ్యాథ్యూ హాన్సెన్ బృందం 2013లో 6,54,178 చిత్రాలతో ప్రపంచ అడవుల పటం వేసింది. 2000 నుంచి 2012 దాకా 23 లక్షల చదరపు కిలోమీటర్ల అడవి పోయిందని అది తేల్చింది. 600 డాలర్ల పాత ధరకు ఆ చిత్రాలు కొనాలంటే 39 కోట్ల డాలర్లు కావాలి. ఆ ధరే ఉండి ఉంటే ఆ పటం పుట్టేదే కాదు.

ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అంటే దాదాపు 22 సెంట్లు. తెలంగాణ లెక్కలో 9 గుంటలు. ఎకరం చేను నాలుగున్నర చుక్కల్లో ఇమిడిపోతుంది. ప్రధానంగా ఆ చుక్కలతో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త ప్రసాద్ తెంకబైల్ నాయకత్వంలో ప్రపంచ సాగుభూమి పటం తయారైంది. ఆ జట్టులో పార్థసారథి తెలుగుంట్ల ఆస్ట్రేలియా, చైనా పటాలకు నాయకత్వం వహించారు. దక్షిణాసియా పటానికి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్త మురళీకృష్ణ గుమ్మా సారథి. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం ప్రపంచంలో సాగుభూమి ఎక్కువున్న దేశం మనదే. దాదాపు 18 కోట్ల హెక్టార్లు. అమెరికా, చైనా మన తర్వాతే. మన చేలను ఇంత దగ్గరగా చూపించిన పటానికి ముడిసరుకు పైసా ఖర్చు లేకుండా దొరికిందని తెలిసినవాళ్లు మనలో తక్కువే.

ల్యాండ్‌శాట్ వేడినీ కొలుస్తుంది. నీళ్లు తాగే పొలం ఆవిరిని వదులుతూ చల్లగా ఉంటుంది, ఎండినది వేడెక్కుతుంది. ఐడహో రాష్ట్రంలో ఏ పొలం ఎంత నీరు వాడిందో ఈ తేడాతోనే లెక్కగడతారు. ల్యాండ్‌శాట్ 8 తొలి ప్రణాళికలో వేడిని కొలిచే పరికరమే లేదు. పశ్చిమ రాష్ట్రాల నీటి అధికారులు పోరి దాన్ని చేర్పించారు. కృష్ణా నీళ్ల తగాదాలు చూస్తూ పెరిగిన మనకు ఆ పోరు విలువ వేరే చెప్పాలా?

అమెరికా తలుపు తెరిచాక యూరప్ తన సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలను ఉచితం చేసింది. 2023 నాటి భారత అంతరిక్ష విధానం కూడా 5 మీటర్లు, అంతకంటే ముతక వివరం ఉన్న ఇస్రో సమాచారాన్ని అందరికీ ఉచితంగా ఇస్తామంది. మంచి నిర్ణయం. అయితే ఎవరైనా సులువుగా దించుకునేలా అమలు కావాలి.

మీరూ చూడొచ్చు. అమెరికా భూగర్భ సర్వే వెబ్‌సైట్ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో పేరు నమోదు చేసుకుని హైదరాబాద్ కోసం పాత్ 144, రో 48 అని వెతకండి. ఒక్కో ఉపగ్రహం 16 రోజులకోసారి, ఉదయం పది దాటాక ఆ మీదుగా వెళ్తుంది. 1990ల నాటి చిత్రం ఒకటి, ఈ ఏడాదిది ఒకటి పరారుణ రంగుల్లో పక్కపక్కన పెట్టి, మాదాపూర్, గచ్చిబౌలి వైపు చూడండి. పచ్చదనం ఎర్రగానూ, కట్టడాలు బూడిద కలిసిన నీలంగానూ కనిపిస్తాయి.