గడియారంతో పడవ పందెం

పడవ పందెం అనగానే పక్కపక్కనే నిలిచిన పడవలు, ఒక్కసారిగా లేచే కేకలు మన కళ్ల ముందుకు వస్తాయి. మన నికోబార్ దీవుల్లో జరిగే హోడీ పందేలు అలాంటివే. హోడీ అంటే చెట్టు మానును తొలిచి చేసిన పడవ. బోల్తా పడకుండా దానికి ఒక పక్కన నీటి మీద తేలే దుంగను కడతారు. తుహేత్ అని పిలిచే పెద్ద ఉమ్మడి కుటుంబాలు ఈ పడవలను తమ ఆస్తిగా చూసుకుంటాయి. దీవుల మధ్య, ఊళ్ల మధ్య పోటీలు జరుగుతాయి. ముందు చేరిన పడవే గెలిచినట్టు. చూసేవారికి లెక్కలతో పని లేదు.

ఒలింపిక్స్ రోయింగ్‌లోనూ అంతే. 2000 మీటర్ల తిన్నని దారిలో ఆరు పడవలు ఒకేసారి బయలుదేరతాయి. మరి నది ఇరుకుగా ఉండి, పడవలు వందల్లో వస్తే? అప్పుడు వాటిని ఒకదాని వెనుక ఒకటి పంపి, ఒక్కో పడవకు పట్టిన సమయాన్ని విడిగా కొలుస్తారు. దీనినే టైమ్ ట్రయల్ అంటారు.

వీటిలో పేరున్నది లండన్‌లో థేమ్స్ నది మీద జరిగే ‘హెడ్ ఆఫ్ ద రివర్’ పందెం. చలికాలంలో జట్లు దూరాలు నడిపి సాధన చేయాలని స్టీవ్ ఫెయిర్‌బెయిర్న్ అనే శిక్షకుడు 1926లో దీన్ని మొదలుపెట్టించారు. మోర్ట్‌లేక్ నుంచి పట్నీ దాకా సుమారు 6.8 కిలోమీటర్లు. ఒక్కో పడవలో ఎనిమిది మంది తెడ్లు వేస్తారు, కాక్స్ అనే తొమ్మిదో మనిషి దారి చూస్తూ పడవను నడిపిస్తాడు.

ఒక చిన్న లెక్క చేద్దాం. పది సెకన్లకు ఒక పడవ బయలుదేరుతుందనుకుందాం. మొదటి పడవ సరిగ్గా 10 గంటలకు బయలుదేరి, 10 గంటల 20 నిమిషాల 30 సెకన్లకు చేరింది. నలభయ్యో పడవ 10 గంటల 6 నిమిషాల 30 సెకన్లకు బయలుదేరి, 10 గంటల 26 నిమిషాల 40 సెకన్లకు చేరింది. గట్టు మీద ఉన్నవారికి రెండోది ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చినట్టే కనిపిస్తుంది. కానీ దానికి పట్టింది 20 నిమిషాల 10 సెకన్లే. గెలిచింది అదే!

తెడ్డు వేసేవారు వెనక్కి తిరిగి కూర్చుంటారు కనుక వారికి గమ్యం కనబడదు, తరుముకొస్తున్న పడవే కనబడుతుంది. వెనుక పడవ దగ్గరికొస్తే ముందున్నది దారి ఇవ్వాలి. అడ్డుపడితే శిక్ష తప్పదు. నిరుటి విజేత ముందుగా బయలుదేరుతుంది, కొత్త జట్లు సాధారణంగా చివరన ఉంటాయి.

అయితే ఇందులో పూర్తి న్యాయం ఉందా? శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లో ఉంటున్న మనకు ఆటుపోట్లు తెలుసు. పొద్దున ఉన్న నీరు మధ్యాహ్నానికి ఉండదు. థేమ్స్‌లోనూ సముద్రపు ఆటుపోట్లు ఉన్నాయి. నీరు దిగువకు లాగే వేళ చూసి పందెం పెట్టినా, చివరి పడవ వచ్చేసరికి గాలి మారవచ్చు. గడియారం సమయాన్ని చెబుతుంది గానీ, ఎవరికి ఎలాంటి నీరు దొరికిందో చెప్పదు. అందుకే పడవల మధ్య ఎడం తక్కువగా ఉంచుతారు.

సముద్రంలోనూ ఈ పద్ధతి ఉంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మొదటిసారిగా ‘బీచ్ స్ప్రింట్’ రోయింగ్ పెడుతున్నారు. ఇసుకలో పరుగెత్తి పడవ ఎక్కి, 250 మీటర్లు వెళ్లి, తిరిగి వచ్చి మళ్లీ ఇసుకలో పరుగెత్తాలి. ఈ ఆటలో మొదటి దశ టైమ్ ట్రయలే. ఆ తర్వాతే ఇద్దరిద్దరి మధ్య పోటీ.

బదిలీల మీద తిరిగే మనకు ఈ పందెం బాగా అర్థమవుతుంది. ఏడాది మధ్యలో చేరిన పిల్లవాడి పేరు హాజరు పట్టీలో చివరన ఉంటుంది. ఆరో తరగతిలో ‘అ ఆ’లు మొదలుపెట్టిన అమ్మాయిని, ఒకటో తరగతి నుంచి తెలుగు చదివిన అమ్మాయి పక్కన నిలబెట్టి, “నీకింకా ఒత్తులు రాలేదా?” అంటాం. ఆ మాట అనేముందు ఎవరు ఎప్పుడు బయలుదేరారో, ఎలాంటి నీటిలో వచ్చారో అడగాలి కదా! మనమంతా ఒకే రేవు నుంచి ఒకే వేళకు బయలుదేరిన వాళ్లం కాము.