తుప్పు నుంచి పుట్టిన నలుపు

ఇనుముకు తుప్పు పట్టడం నష్టానికి గుర్తు. నాగలి కర్రు, బావి గిలక, తలుపు గొళ్లెం, పడవ లంగరు, వీటిలో దేనికి తుప్పు పట్టినా యజమాని మనసు చివుక్కుమంటుంది. ఉప్పుగాలి నిత్యం వీచే నెల్లూరు తీరంలో ఈ బెడద మరింత ఎక్కువ. అయితే పనికిరానిదని పారవేసే ఆ తుప్పు నుంచే, తరాలు గడిచినా వెలిసిపోని నల్లరంగును సాధించినవారు తెలుగునాటి అద్దకపు పనివారు. ప్రకృతిలోని వేరు, కాయ, ఆకు, లోహం వారి చేతిలో రంగులైనాయి. ఆ విద్యకే నేడు కలంకారీ అని పేరు.

చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టిన స్వర్ణముఖి నది తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా ప్రవహించి నెల్లూరు తీరాన బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ నది ఒడ్డున ఉన్న శ్రీకాళహస్తిలో కలంతో బట్టపై బొమ్మలు చిత్రించే సంప్రదాయం వర్ధిల్లింది. సముద్రతీరపు ఇసుకనేలలలో ఎర్రరంగునిచ్చే చిరివేరు లభించింది. బట్టను ఉతకడానికి పారేటి నీరు, ఆరవేయడానికి ఎండ, రంగుకు వేరు, ఈ మూడూ అందుబాటులో ఉన్నచోట అద్దకం జీవనాధారం కావడం సహజం.

ఈ వస్త్రాల కోసమే విదేశీ వర్తకులు పోటీపడి మన తీరానికి వచ్చారు. డచ్చివారు 1610లో పులికాట్‌లో స్థిరపడ్డారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలోను, 1626లో నెల్లూరు తీరాన ఉన్న దుగరాజపట్నంలోను వర్తకస్థానాలు ఏర్పరచుకొంది. దుగరాజపట్నాన్ని వారు ఆర్మగాం అని వ్యవహరించారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించిన పిమ్మట కంపెనీవారు ఆర్మగాంను విడిచి వెళ్లారు. ఒక మహానగరపు పుట్టుకకు ముందు నెల్లూరు తీరపు బట్టల వర్తకం ఉన్నదన్న సంగతి ఎందరికో తెలియదు.

అద్దకపు పనిలో నల్లరంగుకు కసిం అని పేరు. దీని తయారీకి ఖరీదైన సరకులేవీ అక్కరలేదు. తుప్పుపట్టిన మేకులు, ఇనుప ముక్కలు ఒక కుండలో వేసి, బెల్లం లేదా తాటిబెల్లం కలిపిన నీరు పోసి కొన్ని వారాలు ఊరనిస్తారు. బెల్లం పులిసి మొదట సారాయి గుణాన్ని, ఆపై పులుపును పొందుతుంది. ఆ పులుపే ఎసిటిక్ ఆమ్లం. అది ఇనుమును కరిగించుకొని ఐరన్ ఎసిటేట్ ద్రావణంగా మారుతుంది. చిత్రమేమంటే, ఈ ద్రావణం తనంత తానుగా నల్లరంగు కాదు. మామూలు బట్టపై పూస్తే లేత గోధుమరంగు మరక మాత్రమే పడుతుంది.

నలుపు పుట్టాలంటే కరక్కాయ తోడు కావాలి. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం సమృద్ధిగా ఉంటుంది. శుభ్రపరచిన నూలుబట్టను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. అటువంటి బట్టపై కసిం తగిలినప్పుడు ఇనుము, టానిన్ కలుస్తాయి. గాలిలోని ప్రాణవాయువు సోకినకొద్దీ ఆ గీత చూస్తుండగానే నల్లబడుతుంది. నీటిలో కరగని ఆ నల్లని పదార్థం నూలుపోగుల నడుమ నిలిచిపోవడంవల్ల ఎన్ని ఉతుకులకైనా వదలదు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనీయదు. అందుచేతనే చిత్రకారుని గీత సన్నగా, స్పష్టంగా నిలుస్తుంది. రసాయనశాస్త్ర గ్రంథాలు చదవని పనివారు అనుభవంతో ఈ సూక్ష్మాలను గ్రహించడం మెచ్చదగినది.

ఇక చిత్రణ పద్ధతిని పరిశీలిద్దాం. చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో ముందుగా బట్టపై ఆకృతి గీస్తారు. మొన తేల్చిన వెదురుపుల్లకు కొంచెం పైగా ఉన్ని లేదా గుడ్డ చుట్టి దారంతో బిగిస్తే అది కలం అవుతుంది. ఆ చుట్టను రంగులో ముంచి, వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీస్తే రంగు మొనలోకి దిగుతుంది. కసింతో రూపురేఖలు ముగిసిన తరువాత, ఎరుపు రావలసినచోట పటికనీరు పూస్తారు. బట్టను కొంతకాలం ఆరనిచ్చి, పారే నీటిలో ఉతికి, ఎర్రరంగునిచ్చే వేళ్లతోనో చెక్కలతోనో కలిపి ఉడికిస్తారు. పటిక తాకినచోట ఎరుపు నిలుస్తుంది. తాకనిచోట అంటిన రంగు ఉతుకులతోను, ఎండతోను తొలగిపోతుంది. పసుపు వన్నెకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు ఉపయోగిస్తారు.

చిరివేరు విషయంలో మరొక విశేషం ఉన్నది. ఆ వేరులోని ఎరుపుకు మూలం అలిజరిన్ అనే పదార్థం. అది పటికతో కలిసి నిగారింపు పొందడానికి సున్నపు అంశం తోడ్పడుతుంది. గుల్లలు కలిసిన తీరపు ఇసుకలో పెరిగిన వేరుకు పేరు రావడానికి ఇదే కారణం. విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1795లో వెలువడిన తన కోరమాండల్ వృక్షాల గ్రంథంలో ఈ మొక్కకు చోటిచ్చాడు. ఒకే రంగునీటిలో ఉడికినా పటిక తాకినచోట ఎరుపు, ఇనుము తాకినచోట ఊదా నుంచి నలుపు వరకు ఛాయలు రావడం ఈ విద్యలోని గొప్ప రహస్యం.

ఐరోపాకు చేరిన ఈ బట్టలు అక్కడ పడకలపై పరచుకునే దుప్పట్లయినాయి. పలంగ్‌పోష్ అనే మాటనుంచి వాటికి పలంపోర్ అనే పేరు వచ్చింది. నడుమ దూది పరచి, అడుగున మరొక బట్ట చేర్చి కుట్టిన మేలైన బొంతలుగా కూడా అవి మారాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కోరమాండల్ వస్త్రాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. బట్ట పాతబడితే పువ్వులను, పక్షులను కత్తిరించి తెల్లని గుడ్డపై అతికి కుట్టి, వాటికి రెండవ జన్మ ఇచ్చారు. ఈ మోజును చూసి అక్కడి నేతపనివారు కలవరపడ్డారు. ఫ్రాన్సు 1686లో ఈ వస్త్రాలను నిషేధించింది. ఇంగ్లండు 1700, 1720 సంవత్సరాలలో నిషేధ చట్టాలు చేసింది.

చట్టాలు చేయలేనిది కాలక్రమంలో కర్మాగారాలు చేశాయి. 1868లో జర్మనీ శాస్త్రజ్ఞులు గ్రేబ్, లీబర్మన్‌లు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలిమందు విపణిలోకి వచ్చింది. చిరివేరును తవ్వే పని, నీలిమందు సాగు క్షీణించాయి. స్వాతంత్ర్యానంతరం కమలాదేవి చటోపాధ్యాయ వంటివారి కృషితో 1950వ దశకంలో శ్రీకాళహస్తి కలంకారీకి శిక్షణ కేంద్రం ఏర్పడి, ఆ విద్య మళ్లీ ఊపిరి పోసుకొంది. జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి 2008లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నారు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది.

అయితే ఇనుపరంగుకు ఒక దోషం ఉన్నది. రంగును పట్టి నిలిపే ఇనుమే కాలక్రమంలో బట్టను తినివేస్తుంది. ఆమ్లం మిగిలిపోవడంవల్ల, ఇనుము సమక్షంలో నూలుపోగు గాలితో చర్య జరపడంవల్ల దారం పెళుసుబారుతుంది. ప్రాచీన వస్త్రాలు కొన్నింటిలో ఎరుపు పువ్వు చెక్కుచెదరక నిలువగా, దాని చుట్టూ ఉన్న నల్లగీత చిల్లులు పడి రాలిపోవడం కనిపిస్తుంది. కసిం మితిమీరితే నలుపు పెరుగుతుంది, ఆయుష్షు తరుగుతుంది. పాళం తెలియడమే ఇందులోని నేర్పు.

ఈ విద్యను చిన్న ప్రయోగంగా విద్యార్థులు సైతం పరీక్షించవచ్చు. పాత నూలుచీర నుంచి జానెడు గుడ్డలు నాలుగు కత్తిరించి గంజి పోయేలా ఉతకాలి. ఒకదానిని అలాగే ఉంచి, రెండవదానిని కరక్కాయ నీటిలో, మూడవదానిని దానిమ్మతొక్క కషాయంలో, నాలుగవదానిని చిక్కని టీ డికాక్షన్‌లో నానబెట్టి ఆరబెట్టాలి. తరువాత వాటిపై వెనిగర్ చిలకరించి, తుప్పుపట్టిన మేకులు, వాషర్లు పరచి, తడి ఆరిపోకుండా ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు ఉంచాలి. మొదటి గుడ్డపై నారింజ, గోధుమ వన్నెల ముద్రలు పడతాయి. తక్కినవాటిపై వగరును బట్టి బూడిదరంగు నుంచి నలుపు వరకు ఛాయలు కనిపిస్తాయి. చివరగా వంటసోడా కలిపిన నీటిలో ఉంచి, మంచినీటితో పలుమార్లు జాడించడం మరువరాదు. ఈ పనికి చేతితొడుగులు ధరించాలి. వంటపాత్రలు వాడరాదు. కసిం కుండకు మూత బిగించరాదు, లోపల పులిసేటప్పుడు వాయువు పుడుతుంది.

అలా సిద్ధమైన ముక్కలను బొంతలో చేర్చవచ్చు. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరచి సూదిదారంతో కుట్టే బొంత తెలుగు ఇంటి పొదుపుకు ప్రతీక. తుప్పు ముద్రలున్న ముక్కను లాగుడు పడే అంచున గాక నడుమ అతకడం మేలు. ఆ ముక్కపై తేదీ, నానిన సమయం దారంతో గుర్తుగా కుట్టి, ఏడాది తరువాత దాని గట్టిదనాన్ని పరీక్షిస్తే పుస్తకం చెప్పని పాఠం బోధపడుతుంది.

విలువలేనిదని తోసిపుచ్చిన వస్తువులో విలువను దర్శించడం విజ్ఞత. ఆ వస్తువు మేలుతోపాటు కీడును కూడా ఎరిగి, హద్దులో వాడుకోవడం వివేకం. నెల్లూరు తీరపు ఉప్పుగాలిలో తుప్పుపట్టిన మేకు ఈ రెండింటినీ బోధిస్తుంది.