చదవని తాటాకులు, చూడని సినిమాలు

నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన దత్తమండలాలను సర్వే చేయించిన కాలిన్ మెకంజీకి తెలుగు చదవడం రాదు. ఆయన పోగేసినవాటిలో ఉన్న తక్కిన దేశభాషలదీ అదే సంగతి. అయినా కావలి లక్ష్మయ్య వంటి తెలుగువాళ్ల అజమాయిషీలో ఆయన మనుషులు కడప సీమలోనూ, ఇప్పటి కర్నూలు, నంద్యాల జిల్లాల పల్లెల్లోనూ కరణాల ఇళ్లకు వెళ్లి కవిలెలు విప్పించారు. ఊరు ఎట్లా కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎంత అని ఒక్కొక్కటే రాయించుకుని వచ్చారు. అవే కైఫీయతులు. వాటితోపాటు శాసనాల నకళ్లు, తాటాకు ప్రతులు, నాణేలు, బొమ్మలు కట్టలుగా పెరిగిపోయాయి. మెకంజీ 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. తీరిక చిక్కితే వీటన్నిటికీ పట్టిక రాయించాలనుకున్నాడు. తీరిక చిక్కలేదు. 1821లో కన్నుమూశాడు. ఆయన భార్య దగ్గర ఆ రాశిని కంపెనీ ప్రభుత్వం లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో దానికి కేటలాగు అచ్చు వేశాడు. కూడబెట్టినవాడు తన సొత్తులో చాలా భాగం ఒక్కసారైనా చదవకుండానే వెళ్లిపోయాడు.

మెకంజీ చనిపోయే నాటికి అదే కడపలో మరో దొర అదే దారిలో అడుగు పెడుతున్నాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. మధ్యలో బదిలీల మీద తిరిగి, 1820ల చివరికి మళ్లీ ఇక్కడికే చేరి బంగళా కొని, అందులో పండితులను పెట్టాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. పని తీరు ఇట్లా ఉండేది. ఒక కావ్యానికి ఒక్క ప్రతి దొరికితే ఆయనకు చాలదు, ఇంకో ఊరి నుంచి ఇంకో ప్రతి తెప్పించాలి. నాలుగు తాటాకు ప్రతులు ముందు పెట్టుకుని పండితులు పద్యం పద్యం సరిపోల్చాలి. ఒక ప్రతిలో ఒక మాట, ఇంకో ప్రతిలో ఇంకో మాట ఉంటే రెండూ గుర్తించాలి. ఆపైన లేఖకుడు కాగితం మీద సాపు ప్రతి రాస్తే దాన్ని బైండు చేయించాలి. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య వంటివారికి జీతాలు బ్రౌన్ జేబులోంచే వెళ్లేవి. అప్పులు చేసి మరీ నడిపాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేశాడు. 1851లో అప్పయ్య టీకతో మనుచరిత్ర వేశాడు. 1852లో నిఘంటువు వచ్చింది. అంతా చెప్పుకున్నా, అచ్చుకు నోచుకున్నవి ఆయన సిద్ధం చేయించినవాటిలో కొన్నే. తక్కినవి మద్రాసు చేరి ప్రాచ్య లిఖిత పుస్తకాల భాండాగారంలో మిగిలాయి. ఇవన్నీ పండితుల సరుకు, వినోదంతో పోలికేమిటని అనుకోవచ్చు. కానీ ప్రబంధాలు, ద్విపద కథలు, వేమన పద్యాలు ఆనాటి జనం సాయంత్రాలు చదివించుకుని విన్నవే. ఇవాళ మనం వెబ్ సిరీస్ పెట్టుకునే చోట అప్పుడు అవి ఉండేవి.

ఇప్పుడు చదవలేనంత, చూడలేనంత కూడబెట్టడానికి దొర కానక్కర్లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర పడగొట్టింది. 2020 ఉగాదికి తెలుగు ఓటీటీ ఆహా వచ్చింది. కర్నూలు రాజవిహార్ సెంటర్‌లోనైనా, కడప ఏడురోడ్ల కూడలిలోనైనా రీచార్జి చేయించుకునే మనిషికి ప్యాకుతో పాటు రెండు మూడు ఓటీటీలు ఉచితంగా అంటగడతారు. దానిమీద పండగ ఆఫర్లో కొన్న ఏడాది చందా, సగం ధరకు కొన్న ఆడియో పుస్తకాలు, డిస్కౌంటులో వచ్చిందని పిల్లవాడు కొనిపించిన వీడియో గేములు. మరి సమయం ఎంతుంది? జాతీయ గణాంక కార్యాలయం 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం ఆరేళ్లు దాటిన భారతీయులు సంస్కృతి, విశ్రాంతి, టీవీ, సెల్‌ఫోన్, ఆటలు అన్నీ కలిపి రోజులో సగటున 11 శాతం గడుపుతున్నారు. 2019లో ఇది 9.9 శాతం. 11 శాతం అంటే సుమారు రెండు గంటల నలభై నిమిషాలు. అందులోనే జాతర, అరుగు మీది కబుర్లు, క్రికెట్టు, రీల్స్ అన్నీ. అన్నీ మానేసి కేవలం సినిమాలే చూసినా, రెండున్నర గంటల సినిమా లెక్కన ఏడాదికి నాలుగు వందలు దాటవు. ఒక్క ఓటీటీ జాబితానే అంతకన్నా చాలా పెద్దది. సేద్యం చేసే ఇంట్లో శనగ విత్తే రోజుల్లో ఆ కాస్త సమయం కూడా అనుమానమే.

కూడికలు, తీసివేతలు తెలిసిన మనిషి ఇట్లా ఎందుకు కొంటాడు? వినియోగదారుల మనస్తత్వం మీద పరిశోధించిన జాబర్‌మన్, లించ్ 2005లో ఒక సంగతి తేల్చారు. రాబోయే రోజుల్లో తమకు డబ్బు ఎంత మిగులుతుందో మనుషులు కాస్త జాగ్రత్తగానే అంచనా వేస్తారు. సమయం దగ్గరికి వచ్చేసరికి వచ్చే నెలంతా ఖాళీయే అనుకుంటారు. వచ్చే నెల వస్తుంది, అదీ ఇట్లాంటిదే. ఆస్ట్రేలియాలో ఆన్‌లైన్‌లో డీవీడీలు అద్దెకిచ్చే సంస్థ లెక్కలు తీసుకుని మిల్క్‌మన్, ఆమె సహచరులు 2009లో ఇంకో కోణం చూపారు. డాక్యుమెంటరీల వంటి గంభీరమైన సినిమాలను జనం ఆర్డరైతే పెడతారు గానీ, అవి ఇంటికొచ్చాక చూడకుండా ఎక్కువ రోజులు ఉంచుకుంటారు. వేడుక సినిమాలు మాత్రం చకచకా చూసి తిప్పి పంపేస్తారు. కొనేది రేపటి మనిషి కోసం, చూసేది ఇవాళ్టి మనిషి. ఆ ఇద్దరికీ పొత్తు కుదరదు. ఇష్టమైనవాటిని కూడా వాయిదా వేస్తామని షు, నీజీ అనే పరిశోధకులు 2010లో చూపించారు. మిఠాయి దుకాణం కూపన్లు రెండు రకాలుగా పంచితే, మూడు వారాల గడువు ఉన్నవాళ్లలో వాడుకున్నవారు ఎక్కువ, రెండు నెలల గడువు ఉన్నవాళ్లలో బాగా తక్కువ. ఎక్కువ వ్యవధి చేతిలో ఉంటే తినడం కూడా వాయిదా పడుతుందన్నమాట. ఇక గడువే లేకుండా 'నా జాబితా'లో పడ్డ సినిమా గతి చెప్పేదేముంది.

ఇట్లా కొని దాచడానికి రాయలసీమ పాత అలవాటు కూడా ఒక చెయ్యి వేస్తుందని నా అనుమానం. వాన నమ్మకం లేని ఊళ్లలో, పండిన ఏడు జొన్నలు పాతర వేసేవారు. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, ధాన్యం పోసి, పైన మట్టి కప్పి మెత్తేవారు. పాతర తీసినరోజు లోపలి చెడుగాలి పోయేదాకా దిగనిచ్చేవారు కాదు. తొందరపడి దిగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు కూడా. దొరికినప్పుడు దాచడం అక్కడ తెలివి, ఎందుకంటే వచ్చే ఏడు దొరకదు. సినిమాకు కరువు లేదు, వచ్చే ఏడు ఇంకా ఎక్కువ వస్తాయి, ఇంకా చౌకగా వస్తాయి. అయినా 'ఆఫర్ ఈ రాత్రితో ఆఖరు' అన్న మాట చూడగానే, కరువు చూసిన తాతల జాగ్రత్త మనలో మేలుకుంటుంది. అమ్మేవాడు ఆ మాట రాసేది అందుకే.

ఇంతవరకు వచ్చాక ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మెకంజీ, బ్రౌన్‌లను మెచ్చుకుని, ఇవాళ్టి కొనుగోలుదారుణ్ని తప్పు పట్టడం న్యాయమా? చదవలేనంత కూడబెట్టడమే తప్పయితే ముందు నిలదీయాల్సింది వాళ్లిద్దరినీ. నా వాదమంతా ఈ ప్రశ్నకు జవాబులోనే ఉంది. చదవకుండా మిగలడం దండగ కాదు, ఇంకొకరి చేతికి చేరకపోవడం దండగ. మెకంజీ చదవని కైఫీయతుల్లో శిథిలమవుతున్నవాటిని బ్రౌన్ మళ్లీ రాయించాడు. బ్రౌన్ అచ్చు వేయలేని ప్రతులు తర్వాతి తరం పరిష్కర్తలకు పనికొచ్చాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టు విడవకుండా చందాలు పోగుచేసి, కడపలో బ్రౌన్ బంగళా ఉన్నచోటే ఆయన పేరిట గ్రంథాలయం లేపారు. 2006లో అది యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వెళ్లి భాషా పరిశోధన కేంద్రమైంది. ఎక్కడెక్కడివాళ్లో తమ ఇళ్లలోని పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. వాటిలో ఇచ్చినవారు పేజీ కూడా తిప్పనివి ఎన్నో ఉండి ఉంటాయి. కడప కైఫీయతులు అచ్చయి ఇప్పుడు ఎవరి ఊరి చరిత్ర వాళ్లు వెతుక్కుంటున్నారంటే, అది తన సొత్తు తాను చదవలేకపోయిన మెకంజీ పుణ్యమే. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఏళ్ల తరబడి గ్రంథాలయోద్యమం నడిపిందీ ఈ లెక్కమీదే. ఒకడు కొన్న పుస్తకం వాడొక్కడికే పనికిరావాలన్న నియమం లేదు. కొన్నవాడి తీరిక ఒక్కటే కొలత అయితే ఊళ్లో లైబ్రరీ అనేదే పుట్టదు.

ఆ కొలతతో చూస్తే ఫోనులో మనం కొంటున్న వస్తువు వేరే జాతిది. ఓటీటీ చందా గడువు తీరిన అర్ధరాత్రి చూడనివన్నీ మాయం. శాశ్వతంగా కొన్నామనుకున్నవీ నిలుస్తాయన్న భరోసా లేదు. 2009లో అమెజాన్ తన పాఠకుల కిండిల్ యంత్రాల్లోంచి ఆర్వెల్ నవలలను చెప్పాపెట్టకుండా తీసేసింది. అమ్మినవాడికి హక్కులు లేవన్నది కారణం. అందులో ఒకటి '1984' కావడం కాకతాళీయం. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు డబ్బు వాపసు ఇచ్చింది గానీ, కొన్న పుస్తకాలు తెరుచుకోకుండా పోయాయి. యుబిసాఫ్ట్ 2024లో 'ద క్రూ' అనే కార్ల గేము సర్వర్లు ఆపేస్తే, డబ్బిచ్చి కొన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. మనదగ్గర 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. యాపు పేరే మారిపోయే చోట అందులో గుర్తుపెట్టుకున్న సినిమాలు పిల్లలకు ఆస్తిగా మిగులుతాయని ఎవరూ అనుకోరు. ఇది అమ్మకం కాదు, వాడుకునే అనుమతి. తండ్రి పోయాక బీరువాలోని పుస్తకాలు కొడుకు పంచుకోగలడు, నచ్చకపోతే లైబ్రరీకి ఇవ్వగలడు, కడకు తూకానికి అమ్మినా ఏ పాత పుస్తకాల బండి దగ్గరో ఇంకొకడి కంట పడుతుంది. ఖాతా పాస్‌వర్డుతో పోయింది పోయినట్టే.

దీనికి వచ్చే అభ్యంతరాలు బలహీనమైనవేం కాదు. నెలకు రెండొందలు, టీ నీళ్ల ఖర్చు, దానికింత రాద్ధాంతమా అంటారు. నిజమే, డబ్బుతో కొలిస్తే చిన్నదే. పోయేది రాత్రి తొమ్మిదింటికి ఇంటిల్లిపాది టీవీ ముందు కూర్చుని ఏది పెట్టాలో తేలక ట్రైలర్లు చూస్తూ గడిపే అరగంట. అది కూడా ఆ రెండు గంటల నలభై నిమిషాల్లోంచే పోతుంది. చూడకపోయినా కొంటే కళాకారుడికి అన్నం పెట్టినట్టే కదా అన్నది ఇంకో మాట. వెయ్యి ప్రతులు వేసి సంవత్సరాలు అమ్ముకునే తెలుగు కథకుడి విషయంలో ఇది నూటికి నూరుపాళ్లు సరైనది. సీమ కథల సంపుటి కొని గూట్లో పెట్టినా మంచిదే, ఎప్పుడో మేనకోడలు తీస్తుంది. టోకున కట్టే చందాలో ఆ వాటా ఎవరికి ఎంత చేరుతుందో కట్టేవాడికి తెలియదు. అది సాయమో కాదో చెప్పడం కష్టం. ఇక అన్నిటికన్నా గట్టి అభ్యంతరం, డిజిటల్ అయితే చేతులు మారదని ఎవరన్నారు అన్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది పాత తెలుగు పుస్తకాలు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరికైనా దొరుకుతున్నాయి. బ్రౌన్ ఎంత అప్పు చేసినా ఇంతమందికి అందించగలిగేవాడు కాదు. ఒప్పుకోవాల్సిందే. అంటే పేచీ కాగితానికీ తెరకూ మధ్య కాదు, తాళం వేసిన దానికీ వేయని దానికీ మధ్య.

కాబట్టి కొనేముందు వేసుకోవాల్సిన లెక్క వస్తువును బట్టి మారాలి. చేతులు మారగల పుస్తకాన్ని మన తీరికకు మించి కొన్నా నష్టం లేదు, చోటు ఉంటే చాలు. తాళం వేసిన సరుకును మాత్రం ఈ నెల మనకున్న గంటలకు సరిపడా కొనాలి. ఒకటి చూసి, అది మానేశాక ఇంకొకటి. ఈ తేడా కొనేవాడికి కనిపించేలా చెప్పాలని కాలిఫోర్నియా చట్టమే చేసింది. 2025 జనవరి నుంచి అక్కడ డిజిటల్ సరుకు అమ్మేవాడు, వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తూ 'కొనండి' అని రాస్తే, అది అనుమతి మాత్రమేనని పక్కనే స్పష్టంగా చెప్పాలి. మన సీమలో ఈ తేడాకు ఒక తలకిందులైన ఉదాహరణ ఉంది. పదిహేనేళ్ల కిందట ప్రతి సెల్ షాపులోనూ మెమరీ కార్డులో పాటలు ఎక్కించేవారు. నాలుగు జీబీ కార్డులో ఏడెనిమిది వందల పాటలు పట్టేవి. ఎక్కించుకున్నవాడు వినేది యాభై పాటలే. మిగతావి బావమరిది కార్డులోకి, అక్కడినుంచి లారీ క్లీనర్ ఫోనులోకి వెళ్లి ఎవరో ఒకరికి వినిపించాయి. అదంతా కాపీరైటు చట్టం ముందు నిలవని వ్యవహారం. ఆ దొంగ పాట చేతులు మారింది. ఇవాళ రసీదుతో సహా కొన్న పాట మారడం లేదు.