నిదానం వేరు, నింద వేరు
(ముదిరిన వేసవిలో మూడు తరాల వారికి)

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అంటారు. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందని కూడా వారే అంటారు. ఎండ ఎంత తీవ్రమైనా దానికొక గడువు ఉన్నదన్న ధైర్యం ఈ రెండు సామెతల నడుమ కనిపిస్తుంది. ఆ గడువు ఇప్పుడు సడలిపోయింది. 2022 మార్చి నెల, 1901 నుండి ఉన్న లెక్కలలో, మన దేశానికి అత్యంత వేడిమి గల మార్చిగా నమోదయింది. 2024లో భూగోళపు సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి పూర్వం ఉన్నదానికంటె ఒకటిన్నర డిగ్రీకి పైగా పెరిగింది. ఒక పూర్తి సంవత్సరానికి ఆ మేరకు పెరగడం అదే మొదటిసారి. 2003 మే నెలలో వడగాడ్పులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా బలిగొన్నాయి. 2015 వేసవిలో దేశంలో రెండువేలమందికి పైగా మరణించగా, వారిలో అధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారే. వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలు ముందుగా బలి అయ్యారు.

ఈ వేడిమికి బాధ్యులెవరన్న ప్రశ్న ఇప్పుడు ఇళ్ళలోకి కూడా వచ్చింది. భూమిని పాడుచేసి మాకు అప్పగించారని పిల్లలు అంటున్నారు. క్షణం చల్లదనం లేనిదే ఉండలేనివారు మీరు కారా అని పెద్దలు అడుగుతున్నారు. వేసవి వ్యాధులను గురించి వ్రాసేటప్పుడు ఈ తగవును పక్కన పెట్టడం కుదరదని నా అభిప్రాయం. ఆయుర్వేదంలో వ్యాధికి కారణాన్ని అన్వేషించడాన్ని నిదానం అంటారు. ఆ కారణాన్ని తొలగించడం, అనగా నిదాన పరివర్జనం, మొదటి చికిత్స. నింద వలన కారణం తొలగదు, రోగికి ఉపశమనమూ కలుగదు. మన ఇళ్ళలో నేడు నింద ఎక్కువగా, నిదానం తక్కువగా జరుగుతున్నది.

చరక సంహిత ఏమంటున్నది?

చరక సంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయం పేరు జనపదోద్ధ్వంసనీయం. పాంచాల దేశంలోని కాంపిల్య నగరం వద్ద, వేసవి చివరి మాసంలో, గంగా తీరాన నడుస్తూ పునర్వసు ఆత్రేయుడు తన శిష్యుడైన అగ్నివేశునికి చేసిన బోధ అది. మనుషుల ప్రకృతులు వేరు, ఆహారాలు వేరు, బలాలు వేరు, వయస్సులు వేరు. అట్టివారందరినీ ఒకే వ్యాధి ఒకే కాలంలో ఎట్లా పీడిస్తుందని అగ్నివేశుడు ప్రశ్నిస్తాడు. అందరికీ ఉమ్మడిగా ఉన్నవి నాలుగు: వాయువు, జలం, దేశం, కాలం. అవి చెడినప్పుడు జనపదమంతా చెడుతుందని గురువు సమాధానం. ఋతువు తన లక్షణాలకు విరుద్ధంగా గాని, వాటిని మించి గాని, వాటికి తక్కువగా గాని ప్రవర్తించడాన్ని కాలం చెడడంగా ఆయన వివరించాడు.

ఇవి చెడడానికి మూలం అధర్మమనీ, దానికి మూలం ప్రజ్ఞాపరాధమనీ ఆత్రేయుడు చెప్పాడు. తెలివి, ధృతి, స్మృతి అనే మూడూ తప్పినప్పుడు మనిషి చేసే పని ప్రజ్ఞాపరాధం. ఈ అపరాధం దేశాన్నీ నగరాన్నీ ఏలే ప్రధానులతో మొదలై, వారిని ఆశ్రయించినవారికీ, పౌరులకూ, వ్యాపారులకూ వ్యాపిస్తుందని కూడా అక్కడే ఉన్నది. ఈ క్రమం గమనార్హం. అది వయస్సును బట్టి లేదు, అధికారాన్ని బట్టి ఉన్నది.

లెక్క ఎవరి పేరున?

ఆధునిక విజ్ఞానపు లెక్కలు కూడా ఈ క్రమానికి దూరంగా లేవు. బొగ్గు, పెట్రోలు, సహజవాయువు మండించడం వలన వెలువడే బొగ్గుపులుసు వాయువు భూమి చుట్టూ దుప్పటివలె నిలిచి వేడిమిని పట్టి ఉంచుతుంది. ఐక్యరాజ్య సమితి ఏర్పాటు చేసిన శాస్త్రజ్ఞుల సంఘం 1990లోనే తన మొదటి నివేదికలో హెచ్చరించింది. 1992లో రియో డి జెనీరో నగరంలో దేశాలన్నీ సమావేశమై ఒడంబడిక చేసుకున్నాయి. అయినను, మానవజాతి ఈ ఇంధనాల ద్వారా ఇంతవరకు వెలువరించిన బొగ్గుపులుసు వాయువులో సగానికి పైగా 1990 తరువాత వెలువడినదే. తెలివి కలిగిన తరువాత జరిగిన పని గనుక, లోపించినది ధృతి.

కనుక పిల్లల ఆవేదన నిరాధారం కాదు. దేశాల నేటి వాగ్దానాల ప్రకారమే నడిస్తే, 1960లో పుట్టినవారు జీవితకాలంలో చూసే ప్రకృతి వైపరీత్యాలకంటె 2020లో పుట్టినవారు రెండు నుండి ఏడు రెట్లు, ముఖ్యంగా వడగాడ్పులను, అధికంగా చూడవలసి వస్తుందని 2021లో సైన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఉత్తరాఖండ్‌కు చెందిన రిధిమా పాండే తొమ్మిదేళ్ళ వయస్సులో, 2017లో, ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలని జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించింది. 2019లో ఆ పిటిషన్‌ను కొట్టివేశారు. కాని వాతావరణ మార్పుల దుష్ఫలితాల నుండి రక్షణ పొందడం పౌరుల హక్కు అని 2024లో సుప్రీంకోర్టు గుర్తించింది.

అయితే ఒక తరం యావత్తూ దోషి అనడం కూడా సరికాదు. శిలాజ ఇంధనాల వలన అమెరికాలో తలకు ఏటా సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుండగా, మన దేశంలో అది సుమారు 2 టన్నులు మాత్రమే. ఈ రెండు టన్నులూ అందరికీ సమానం కాదు. తాటాకు పాకలో కుండనీళ్ళతో, విసనకర్రతో జీవితం గడిపిన వృద్ధురాలిని, ఆమె పుట్టిన సంవత్సరం చూసి దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

ఒక ఇంటి సంగతి

ఒక వేసవిలో, కళ్ళు తిరిగి పడిపోయిన డెబ్బది ఎనిమిదేళ్ళ పెద్దాయనను కుమారుడు, మనుమడు నా వద్దకు తీసుకువచ్చారు. చెరువు పూడ్చిన స్థలంలో ఇల్లు ఎందుకు కొన్నారని మనుమడు తండ్రిని నిలదీశాడు. "నీ చదువుకు దగ్గరని కొన్నానురా" అని తండ్రి నొచ్చుకున్నాడు. "మా ఊళ్ళో వీధికొక వేపచెట్టు ఉండేది నాయనా" అని తాతగారు మెల్లగా అన్నారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉన్నది.

విచారించగా తేలినది వేరు. తాతగారి గది పై అంతస్తులో పడమటి దిక్కున ఉన్నది. పగలంతా కాగిన స్లాబు రాత్రి తెల్లవార్లూ ఆ వేడిని గదిలోకి వదులుతున్నది. రాత్రివేళ మూత్రానికి మాటిమాటికీ లేవవలసి వస్తుందని ఆయన మధ్యాహ్నం నుండే నీరు త్రాగడం మానివేశారు. రక్తపోటుకు వాడుతున్న మాత్ర మూత్రాన్ని అధికం చేసేది. ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఇంట్లో ఎవరికీ తెలియదు. పడకను క్రింది గదికి మార్చమనీ, రోజుకు కావలసిన నీటిలో ఎక్కువ భాగం సాయంత్రంలోపునే త్రాగించమనీ, మాత్ర సంగతి దానిని వ్రాసిన డాక్టరుతో మాట్లాడమనీ చెప్పి పంపాను. వృద్ధాప్యంలో దాహం మందగిస్తుంది. అడిగినప్పుడు ఇద్దామని ఎదురుచూడక, గంటగంటకూ మనమే అందించాలి.

గ్రీష్మచర్య

గ్రీష్మం ఆదాన కాలంలో చివరి ఋతువు. సూర్యుడు ప్రాణుల బలాన్నీ భూమిలోని తేమనూ హరించే కాలమిది. మధురమైన, తేలికైన, చల్లని ద్రవాహారం తీసుకోవాలి. కారం, పులుపు, ఉప్పు, అధిక వ్యాయామం తగ్గించాలి. ఎండలో శ్రమించి చెమటోడ్చేవారు మాత్రం ఉప్పును బొత్తిగా మానరాదు. పగటి నిద్రను సాధారణంగా నిషేధించే శాస్త్రం, రాత్రులు కురచవైనందున, ఈ ఋతువులో దానిని అనుమతించింది. ఇంట్లో ఇవి సిద్ధంగా ఉంచుకొనండి:

* ఒక పాలు పెరుగుకు మూడు పాళ్ళు నీరు చేర్చి చిలికి, వెన్న తీసిన మజ్జిగలో దంచిన జీలకర్ర, కరివేపాకు, చిటికెడు సైంధవ లవణం కలిపి త్రాగాలి.
* రెండు చెంచాల ధనియాలు నలగగొట్టి, గ్లాసు నీటిలో రాత్రంతా నానవేసి, ఉదయం వడగట్టి పటికబెల్లంతో సేవించాలి. మధుమేహం ఉన్నవారు పటికబెల్లం లేకుండా తీసుకోవాలి.
* గుప్పెడు వట్టివేళ్ళు శుభ్రంగా కడిగి, పలుచని గుడ్డలో మూటకట్టి, త్రాగే కుండనీటిలో వేయాలి.
* ఉదయం పూట రాగి అంబలి పిల్లలకూ పెద్దలకూ మంచిది.
* విరేచనాలతోగాని, అధికమైన చెమటతోగాని నీరసించినవారికి, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా ఇవ్వాలి. చెంచా తలకొట్టి కొలవాలి.

గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవారు నీరు, ఉప్పు ఎంత తీసుకోవాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

ఇవి వడదెబ్బ తగలకుండా కాపాడేవే గాని, తగిలిన తరువాత వైద్యం కావు. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరడం, మాట తడబడడం, మతి తప్పడం, ఫిట్స్ రావడం ప్రమాద చిహ్నాలు. చర్మం పొడిబారి ఉండవచ్చు, చెమటతో తడిసి ఉండనూవచ్చు. వెంటనే 108కు ఫోను చేయాలి. రోగిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్ళు పోస్తూ విసరాలి. చంకలలో, మెడ వద్ద, గజ్జలలో తడిగుడ్డలు గాని మంచు గాని ఉంచాలి. స్పృహలో లేనివారి నోట మజ్జిగ గాని మంచినీరు గాని పోయరాదు. జ్వరం మాత్రలు దీనికి పనిచేయవు. కోస్తా జిల్లాలవారు ఉష్ణమాపకాన్ని మాత్రమే నమ్మరాదు. గాలిలో తేమ అధికమైతే చెమట ఆరదు, తక్కువ వేడిలోనే శరీరం కాగిపోతుంది.

మూడు తరాల పని

గ్రీష్మంలో మధ్యాహ్న సమయాన్ని ఎండకిరణాలను అడ్డగించే ఎత్తైన సాల, తాళ వృక్షాల వనంలో గడపాలని వాగ్భటుడు అష్టాంగ హృదయంలో చెప్పాడు. ఆ చెట్టు కూడా ఔషధమే. దానిని నరికివేసి ధనియాల నీటితో సరిపెట్టుకోవడం సగం వైద్యం.

వీధిలో ఏ చెట్టు నీడనిచ్చేదో, ఏ బావి ఎన్నడూ ఎండలేదో పెద్దలకు జ్ఞాపకం ఉన్నది. ఆ స్మృతిని ఫిర్యాదుగా కాక సమాచారంగా పిల్లలకు అందించాలి. సంపాదన, నిర్ణయాధికారం చేతిలో ఉన్న నడివయస్సు వారు ముందుగా కదలాలి. మేడ కప్పుకు తెల్లని పూత వేయించడం వారి చేతిలోని పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకు ఒక విధానమే ప్రకటించింది. గది చల్లబరిచే ఏసీ ఆ వేడిని వీధిలోకి వదులుతుంది గనుక దానిని పొదుపుగా వాడాలి. ప్రహరీ వెంట వేప, కానుగ నాటాలి. ఓట్లు అడగవచ్చిన వారిని చెరువును గురించి, బొగ్గును గురించి అడగాలి. పిల్లలు తమ ప్రశ్నను మానరాదు. దానిని తాతగారి గదిలో కాక, అధికారం ఉన్నచోట గట్టిగా అడగాలి. మధ్యాహ్నం రెండు గంటలకు మాత్రం ఆ గదిలోకి మజ్జిగ గ్లాసుతో వెళ్ళాలి.

జనపదం చెడబోతున్న లక్షణాలు చూసిన ఆత్రేయుడు శిష్యునికి మొదట చెప్పినది ఒక పని. భూమి సారం కోల్పోకముందే, ఓషధులలో రసవీర్యాలు నశించకముందే వాటిని సేకరించి ఉంచమన్నాడు. మనకూ ఆ పని ఉన్నది. తొలకరి పడగానే ఇంటికొక మొక్క నాటి, వచ్చే మూడు వేసవులూ దానికి నీరు పోయండి.