వెనక ఇరుసు మీది నంబరు చదువుదాం

అక్కలారా! మీరాలం మండీకి కూరగాయలు తెచ్చే చిన్న లారీలను చూశారు కదా. వాటిని మనం ఏమంటాం? డీసీఎం అంటాం. ఏ కంపెనీ బండి అయినా మన నోటికి అది డీసీఎమ్మే.

నిజానికి డీసీఎం ఒక కంపెనీ పేరు. 1980లలో మన దేశంలో నాలుగు రకాల చిన్న లారీలు వచ్చాయి. అవి డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, ఆల్విన్ నిస్సాన్. ఆల్విన్ నిస్సాన్ మన జహీరాబాద్‌లోనే తయారయ్యేది. డీసీఎం టయోటా బండ్లు ఇప్పుడు తయారు కావు. పేరు మాత్రం నిలిచింది.

పిలిచే పేరు ఒక్కటే. బండి కింది సామాను మాత్రం వేరు వేరు. ఇది తెలియక పాత సామాను కొంటే డబ్బు దండుగ.

డిఫరెన్షియల్ అంటే ఏమిటి?

బండి వెనక వంగి చూడండి. రెండు చక్రాల మధ్య అడ్డంగా ఇనుప ఇరుసు ఉంటుంది. దాని నడుమ కుండలాగా ఉబ్బి ఉంటుంది. అందులో ఉండేదే డిఫరెన్షియల్.

ఇంజను వైపు నుంచి ఒక పొడుగాటి షాఫ్టు తిరుగుతూ వస్తుంది. లోపల దాని కొసకు చిన్న పళ్ల చక్రం ఉంటుంది. అది పినియన్. అది ఒక పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. అది క్రౌను. అట్లా బండి చక్రాలు తిరుగుతాయి.

దీనికి ఇంకో పని కూడా ఉంది. బతుకమ్మ చుట్టూ రెండు వరుసల్లో తిరుగుతాం కదా. లోపలి వరుస తక్కువ నడుస్తుంది. బయటి వరుస ఎక్కువ నడవాలి. మలుపులో బండి చక్రాలూ అంతే. ఆ తేడాను డిఫరెన్షియల్ సర్దుతుంది.

పళ్ల లెక్క

కొన్ని పాత విల్లీస్ జీపుల్లో క్రౌనుకు 43 పళ్లు, పినియన్‌కు 8 పళ్లు ఉండేవి. ఎనిమిది ఐదులు నలభై. ఇంకా మూడు మిగిలాయి. అంటే షాఫ్టు ఐదు చుట్లకు పైగా తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది.

ఈ లెక్క ఎక్కువైతే బండి బరువు బాగా గుంజుతుంది. కానీ వేగం తగ్గుతుంది. లెక్క తక్కువైతే వేగం వస్తుంది. కానీ బరువుతో ఎత్తు ఎక్కలేదు. క్లచ్చు తొందరగా అరుగుతుంది.

గుర్తుపట్టడం ఎలా?

1. ఆకారం చూడండి. కొన్నిటికి వెనకవైపు బోల్టులు విప్పే మూత ఉంటుంది. జీపుది ఈ రకం. కొన్నిటిలో పళ్ల చక్రాలు ముందువైపు నుంచి బయటికి వస్తాయి. బోల్టులు లెక్కపెట్టండి.

2. నంబరు చదవండి. కొన్నిటికి బోల్టు కింద చిన్న రేకు ఉంటుంది. కొన్నిటికి ఇనుము మీదే నంబరు కొట్టి ఉంటుంది. బురద, ఆయిలు తుడిస్తే కనబడుతుంది.

3. తిప్పి చూడండి. నంబరు చెరిగిపోతే ఇదే దారి. మెకానిక్కు ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపి, స్టాండు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి ఎవరూ బండి కిందికి పోవద్దు. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. హ్యాండు బ్రేకు వదలాలి. చక్రం మీద, షాఫ్టు మీద సుద్దముక్కతో గీత గీయాలి. లేపిన చక్రాన్ని రెండు చుట్లు తిప్పాలి. రెండో చక్రం నేల మీద ఆగి ఉంది కనుక రెండు చుట్లు. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో మీరు లెక్కపెట్టండి. అదే మీ బండి లెక్క.

కొనే ముందు

పాతది విప్పగానే నంబరు, పళ్ల లెక్క నోటుబుక్కులో రాసుకోండి. కబాడీ దుకాణానికి ఆ కాగితం తీసుకుపోండి. "డీసీఎంది ఇవ్వండి" అని అడిగితే చాలదు. క్రౌను, పినియన్ ఎప్పుడూ జతగానే కొనండి. రెండూ కలిసి అరిగిన జత కావాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే మోత వస్తుంది, పళ్లు విరుగుతాయి.

లెక్క చేయండి

ఒక బండి క్రౌనుకు 37 పళ్లు, పినియన్‌కు 9 పళ్లు. చక్రం ఒక చుట్టు తిరగాలంటే షాఫ్టు సుమారు ఎన్ని చుట్లు తిరగాలి? బరువు ఎక్కువ గుంజేది ఇదా, 43, 8 పళ్లదా?