‘ఇంటికెళ్దాం పద’.. ఏ ఇంటికమ్మా?

సాయంత్రం ఐదయిందంటే చాలు, ఆవిడ సంచి సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడేది. ‘చీకటి పడుతోంది, ఇంటికెళ్దాం పదరా’ అనేది కొడుకుతో. 40 ఏళ్లుగా ఉంటున్న ఇల్లే అది! డిమెన్షియా ఉన్న ఇళ్లలో తరచూ కనిపించే దృశ్యమిది. 2023లో వెలువడిన ఓ అధ్యయనం అంచనా ప్రకారం మనదేశంలో 60 దాటినవాళ్లలో దాదాపు 88 లక్షల మందికి ఈ సమస్య ఉంది.

రాత్రుళ్లు నిద్రలేదు, పగలు ఉద్యోగం తప్పదు. అమెరికాలో ఉన్న అన్నేమో వీడియో కాల్‌లో చూసి ‘బాగానే ఉందిగా’ అంటాడు. చివరికి మెమరీ కేర్ హోమ్‌లో చేరిస్తే.. ‘కన్నతల్లిని వదిలేశాడు’ అంటారేమోనని దిగులు. కానీ వదిలేయడం వేరు, చూసుకునే చేతుల్ని పెంచడం వేరు.

మంచి హోమ్‌లో ‘ఇదే మీ ఇల్లు’ అని వాదించరు. ‘మీ ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?’ అంటూ మాటల్లో పెడతారు. కందిపప్పు చేటలో పోసి ఏరమంటారు. రోజూ అదే వేళకు అదే పని.. అదే ధైర్యం.

చేర్చేముందు ఇవి అడగండి: రాత్రిపూట ఎంతమంది సిబ్బంది ఉంటారు? చెప్పకుండా వచ్చి చూడొచ్చా? కిందపడితే వెంటనే ఫోన్ చేస్తారా? నెల ఫీజులో మందులు, డైపర్లు కలిసే ఉన్నాయా? సలహా కావాలంటే ఎల్డర్‌లైన్ 14567 ఉచితం.

చేర్చాక మాత్రం వెళ్లడం మానకండి. ఆదివారం ఆ కొడుకు వెళ్తే ‘ఎవరబ్బాయివి?’ అందావిడ. కాసేపు పక్కన కూర్చుని పప్పు ఏరాడు. అప్పుడడిగింది.. ‘అన్నం తిన్నావా నాయనా?’